గూటి జాడ గుట్టుగా: పక్షులు, పురుగులు, తాబేళ్ళు చూసేవాళ్ళు తమ రికార్డులకు తాళం వేసుకోవడం ఎలా?

ఆదివారం నడక అయ్యాక టీ దగ్గర ఎవరో ఒకరు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది: "సార్, నా ఎక్సెల్ షీటుకి పాస్‌వర్డ్ పెట్టేశాను. చాలు కదా?" చాలాసార్లు చాలదు. ఎందుకు చాలదో, ఏం చేస్తే చాలుతుందో విడివిడిగా పది మందికి చెప్పే బదులు ఒకచోట రాస్తున్నాను. కంప్యూటర్ పరిజ్ఞానం పెద్దగా అక్కర్లేదు. ఫైలు కాపీ చేయడం, సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయడం వస్తే సరిపోతుంది.

మన నోటుపుస్తకాల్లో రెండు రకాల గుట్లు ఉంటాయి. ఒకటి జీవులది: గూడు ఎక్కడుంది, నక్షత్ర తాబేళ్ళు ఏ బీడులో తిరుగుతున్నాయి, గుడ్లగూబ ఏ బండ మీద గుడ్లు పెట్టింది. రెండోది మనది: మేడ మీద తెల్లగుడ్డ కట్టి, దీపం పెట్టి చిమ్మెటల్ని లెక్కపెట్టే మనిషి ఇంటి అక్షాంశ రేఖాంశాలు, ఏ రోజుల్లో ఊళ్ళో ఉండడు, జాడ చెప్పిన గొర్రెల కాపరి ఫోన్ నంబరు.

గుత్తి పేరుతో ప్రపంచానికి తెలిసిన నీలిరంగు సాలీడు సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది. 1899లో దాన్ని మొదట వర్ణించారు. ఆ తర్వాత వందేళ్ళకు పైగా ఎవరికీ కనబడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్ళీ దొరికింది. ఇవాళ అది విదేశాల్లో గాజుపెట్టెల్లో పెంచుకునేవాళ్ళ మధ్య అమ్ముడయ్యే జీవి. అలాంటిదాని విషయంలో మన షీటులోని ఒక్క వరుస చాలు, ఫలానా చెట్టు తొర్ర దగ్గరికి దారి చూపించేస్తుంది. గుడ్లగూబల పరిస్థితీ అంతే. క్షుద్రపూజల కోసం వాటిని పట్టేవాళ్ళు దీపావళి ముందు ఎక్కువగా తిరుగుతారు.

నా వల్ల జరిగినదే ఒకటి చెబుతాను. వదిలేసిన గ్రానైట్ క్వారీలో కొమ్ముల గుడ్లగూబ గుడ్లు పెట్టిన చోటును ఫోటో తీసి, నాణ్యత తగ్గకూడదని వాట్సాప్‌లో 'డాక్యుమెంట్'గా ఒక స్నేహితుడికి పంపాను. ఫోటోలో జీపీఎస్ ఉంది. అది చేతులు మారింది. మరుసటి ఆదివారం వెళ్ళేసరికి క్వారీ అంచు దాకా కొత్త టైర్ల జాడలు, ఎదుటి గట్టు మీద ఐదుగురు కెమెరాలతో. తల్లి దూరంగా వేరే బండ మీద ఉంది. రెండు గుడ్లు ఉత్త రాతి మీద ఎండలో ఉన్నాయి. మధ్యాహ్నం రెండింటి దాకా చూశాను, అది తిరిగి రాలేదు. ఈ పనిని నేను ఇంత పట్టుదలగా చెప్పడానికి కారణం ఆ రెండు గుడ్లే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీ ల్యాప్‌టాప్ లేదా డెస్క్‌టాప్
- రెండు పెన్‌డ్రైవ్‌లు, లేదా ఒక పెన్‌డ్రైవ్, ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్
- వెరాక్రిప్ట్ (తాళం పెట్టె తయారుచేసేది), 7-జిప్ (ఫైళ్ళను మూటగట్టి తాళం వేసేది) అనే రెండు ఉచిత సాఫ్ట్‌వేర్లు. వీటిని వాటి అధికారిక సైట్ల నుంచే దింపుకోండి. వెతికినప్పుడు పైన వచ్చే ప్రకటనల లింకులు నొక్కకండి.
- తెల్లకాగితం, పెన్ను, అంటించే కవరు
- పిల్లల ఆటలోని పాచిక ఒకటి, ఆరు ముఖాలది
- తీరికగా ఒక పూట. మధ్యలో లేచి వెళ్ళేలా ఉంటే మొదలుపెట్టకండి.

1. ముందు మూడు కుప్పలు చేయండి

అన్నిటికీ తాళం వేయాలనుకుంటే వారంలో విసుగొచ్చి అన్నీ వదిలేస్తారు. అందుకే ముందు వేరు చేయాలి.

మొదటి కుప్ప, బయట పెట్టదగినవి. చెరువు గట్టు మీద లెక్కపెట్టిన కొంగలు, పార్కులో పిచ్చుకలు, వాన కొలతలు. వీటిని దాచొద్దు. ఇవి పదిమందికీ అందితేనే పనికొస్తాయి.

రెండో కుప్ప, మసకబరిచి ఇవ్వదగినవి. జాతి, నెల, మండలం తెలిస్తే శాస్త్రానికి మేలే కానీ కచ్చితమైన చోటు తెలిస్తే కీడు జరిగేవి. మీ ఇంటి మేడ మీది చిమ్మెటల రికార్డులు, ఇంటి నుంచి చేసే నక్షత్ర పరిశీలనలు కూడా ఇందులోకే వస్తాయి.

మూడో కుప్ప, బయటికి రాకూడనివి. గూళ్ళ జాడలు, నక్షత్ర తాబేళ్ళ చోట్లు, జాడ చెప్పినవాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు, మీ దారి మొత్తం ఉన్న జీపీఎస్ ట్రాక్ ఫైళ్ళు. వీటికే తాళం.

పిల్లలు ఎగిరిపోయాక గూటి వివరం బయట పెట్టొచ్చా అని అడుగుతుంటారు. ఏటా కొత్త చోట కట్టే చిన్న పిట్టలవైతే పెట్టొచ్చు. కొమ్ముల గుడ్లగూబలాగా అదే బండకు మళ్ళీ మళ్ళీ వచ్చేవాటివైతే ఎప్పటికీ పెట్టకండి.

2. పాస్‌వర్డ్‌ను పాచికతో తీయండి

తాళం ఎంత గట్టిదైనా పాస్‌వర్డ్ 'పాలపిట్ట123' అయితే లాభం లేదు. పుట్టినరోజులు, వాహనం నంబరు, ఇష్టమైన పక్షి పేరు, బడిలో నేర్చిన శతక పద్యపు పాదం, సినిమా పాట పల్లవి, ఇవేవీ వద్దు. మనకు గుర్తుండే మాటలు ఊహించేవాడికీ తడతాయి.

ఈఎఫ్ఎఫ్ అనే సంస్థ ఉచితంగా ఇచ్చే 7,776 ఇంగ్లీషు మాటల జాబితా ఉంది. పాచికను ఐదుసార్లు వేస్తే ఐదు అంకెలు వస్తాయి. ఆ అంకెలకు ఎదురుగా ఉన్న మాటను రాసుకోండి. అలా ఆరు మాటలు తీయండి. ఇంగ్లీషు నచ్చకపోతే తెలుగు నిఘంటువు తీసుకుని, పాచిక చెప్పిన పేజీలో మొదటి మాట తీసుకోండి. పాచిక వేసిన మాటే ఉంచాలి. "ఇది బాగాలేదు, ఇంకొకటి వేద్దాం" అంటే ఎంపిక మళ్ళీ మీ చేతికొచ్చినట్టే.

హెచ్చరిక: తెలుగు మాటలైనా ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేయండి. తెలుగు లిపిలో ఒకే మాటను రెండు కీబోర్డులు రెండు రకాలుగా లోపల నమోదు చేయొచ్చు. పొల్లు తర్వాత కంటికి కనబడని గుర్తు ఒకటి చేరుతుంది. కొత్త ల్యాప్‌టాప్ కొన్న రోజున అదే పాస్‌వర్డ్ 'తప్పు' అని వస్తుంది. 'వాన' అనేదాన్ని ఒక ఏతో రాశారా, రెండు ఏలతో రాశారా అన్నది కూడా కాగితం మీద స్పష్టంగా ఉండాలి.

ఆరు మాటలనూ కాగితం మీద రాసి, కవరులో పెట్టి, అంటించి, ఇంటి దస్తావేజులు ఉండేచోట పెట్టండి. రాయకూడదని చెప్పేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. నాకు తెలిసినంతలో, దొంగ చేతిలో పడ్డ రికార్డులకంటే పాస్‌వర్డ్ మరిచిపోయి పోగొట్టుకున్న రికార్డులే ఎక్కువ. వెరాక్రిప్ట్‌లో 'పాస్‌వర్డ్ మరిచిపోయాను' అనే బటన్ లేదు, ఎవరికి ఫోన్ చేసినా తెరవలేరు.

3. తాళం పెట్టె తయారుచేయండి

వెరాక్రిప్ట్ చేసే పని ఇది: ఒక పెద్ద ఫైలును సృష్టిస్తుంది. పాస్‌వర్డ్ ఇచ్చినప్పుడు ఆ ఫైలు కంప్యూటర్లో కొత్త డ్రైవ్‌లాగా తెరుచుకుంటుంది. మూసేస్తే మళ్ళీ అర్థంకాని ముద్ద.

అ) వెరాక్రిప్ట్ తెరిచి 'క్రియేట్ వాల్యూమ్' నొక్కండి. మొదటి ఎంపిక 'ఎన్‌క్రిప్టెడ్ ఫైల్ కంటైనర్', తర్వాత 'స్టాండర్డ్ వాల్యూమ్'. మిగతావాటి జోలికి పోకండి.

ఆ) 'సెలెక్ట్ ఫైల్' దగ్గర ఫోల్డర్ ఎంచుకుని కొత్త పేరు టైపు చేయండి. ఇక్కడే చాలామంది పొరబడతారు. మీ ఎక్సెల్ షీటును ఎంచుకుంటే దానికి తాళం పడుతుందనుకుంటారు. పడదు. ఆ షీటు చెరిగిపోయి దాని స్థానంలో ఖాళీ పెట్టె వస్తుంది. ఉన్న ఫైలును ఇక్కడ ఎప్పుడూ ఎంచుకోవద్దు. పెట్టెకు 'గూళ్ళు' అని పేరు కూడా పెట్టకండి, మామూలు పేరేదైనా చాలు.

ఇ) ఎన్‌క్రిప్షన్ పద్ధతి అడిగితే అక్కడ ముందే ఉన్న ఏఈఎస్, ఎస్‌హెచ్‌ఏ-512 అలాగే ఉంచండి.

ఈ) సైజు: షీట్లు, నోట్సు వరకైతే 2 జీబీ ధారాళం. ఫోటోలు కూడా పెట్టాలంటే ఇప్పుడున్నదానికి రెండింతలు ఇవ్వండి, తర్వాత పెంచడం తేలిక కాదు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 రకమైతే 4 జీబీ మించిన ఫైలు దానిలో పట్టదు. అలాంటప్పుడు పెన్‌డ్రైవ్‌ను ముందే ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేసుకోండి. అందులో ఉన్నవి పోతాయి కాబట్టి అంతకుముందే వేరేచోట దాచుకోండి.

ఉ) పాస్‌వర్డ్‌ను రెండుసార్లు ఇవ్వండి. 20 అక్షరాలకన్నా చిన్నదైతే వెరాక్రిప్టే హెచ్చరిస్తుంది. ఆరు మాటలు పెట్టినవాళ్ళకు ఆ హెచ్చరిక రాదు. పిమ్ అనే గడిని ఖాళీగా వదిలేయండి.

ఊ) చివరి తెరలో మౌస్‌ను ఇష్టమొచ్చినట్టు తిప్పమంటుంది. కింది పట్టీ పచ్చగా నిండేదాకా తిప్పండి. ఆ గజిబిజి కదలికలు కూడా తాళంచెవి తయారీలో కలుస్తాయి. తర్వాత 'ఫార్మాట్'.

తెరవాలంటే: ఖాళీగా ఉన్న డ్రైవ్ అక్షరం ఒకటి ఎంచుకుని, 'సెలెక్ట్ ఫైల్'తో పెట్టెను చూపించి, 'మౌంట్' నొక్కి పాస్‌వర్డ్ ఇవ్వండి. కొన్ని సెకన్లు పడుతుంది, కంగారు పడొద్దు. పని అయ్యాక 'డిస్‌మౌంట్', కొత్త వెర్షన్లలో 'అన్‌మౌంట్'. అది చేయకుండా పెన్‌డ్రైవ్ లాగేస్తే లోపలి ఫైళ్ళు చెడిపోవచ్చు.

4. చేర్చండి, చూడండి, ఆ తర్వాతే చెరపండి

మూడో కుప్పలోని ఫైళ్ళను తెరిచిన డ్రైవ్‌లోకి కాపీ చేయండి. 'కట్' వద్దు. కాపీ అయ్యాక డిస్‌మౌంట్ చేసి, కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, కాగితం చూసి పాస్‌వర్డ్ టైపు చేసి తెరవండి. జ్ఞాపకం నుంచి కాదు, కాగితం చూసే. కాగితం మీద రాసింది సరైనదో కాదో తేలేది ఇప్పుడే.

లోపల కనీసం ఐదు ఫైళ్ళు తెరిచి చూడండి: అన్నిటికన్నా పాత షీటు, కొత్త షీటు, పెద్ద ఫోటో, ట్రాక్ ఫైలు, ఏదో ఒక నోట్సు. ఫైళ్ళు ఎక్కువగా ఉంటే 7-జిప్‌తో సరిచూడొచ్చు. ఫైలు మీద రైట్‌క్లిక్ చేస్తే ఎస్‌హెచ్‌ఏ-256 అనే లెక్క చూపిస్తుంది. అసలుదానికి, కాపీకి ఆ పొడుగాటి అంకె ఒకటే వస్తే ఒక్క అక్షరం కూడా తేడా లేనట్టు.

ఈ పరీక్ష నెగ్గాక, 5వ మెట్టులోని నకళ్ళు కూడా తయారయ్యాక అసలువి చెరపండి. రీసైకిల్ బిన్ ఖాళీ చేయండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్, కెమెరా కార్డు, మెయిల్లో మీకు మీరే పంపుకున్న జతలు, ఫోన్లో వాట్సాప్ ఫోల్డర్, క్లౌడ్‌లోకి తనంతట తానే ఎక్కిన ఫోటోలు, ఇవన్నీ చూడాలి. ఒక గూటి ఫోటోకు నాలుగైదు నకళ్ళు దొరకడం మామూలే.

ఎస్ఎస్‌డీ (చిప్పులతో చేసిన కొత్తరకం డిస్కు) ఉన్న ల్యాప్‌టాప్‌లలో చెరిపింది పూర్తిగా చెరిగిందని గట్టిగా చెప్పలేం. అందుకని మొత్తం డిస్కుకే తాళం వేయడం మంచిది. విండోస్ ప్రోలో బిట్‌లాకర్, హోమ్ ఉన్న చాలా ల్యాప్‌టాప్‌లలో 'డివైస్ ఎన్‌క్రిప్షన్', మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్. బిట్‌లాకర్ ఇచ్చే 48 అంకెల రికవరీ కీని కూడా అదే కవరులో పెట్టండి. డిస్కు తాళం ఉన్నా వెరాక్రిప్ట్ పెట్టె అక్కర్లేదనుకోకండి. ల్యాప్‌టాప్ ఆన్‌లో ఉన్నంతసేపూ డిస్కు తెరిచినట్టే ఉంటుంది.

5. నకళ్ళు

పెట్టెను డిస్‌మౌంట్ చేశాక ఆ ఫైలునే రెండు పెన్‌డ్రైవ్‌లలోకి కాపీ చేయండి. ఒకటి ఇంట్లో, ఒకటి నమ్మకమైన చుట్టాలింట్లో. తాళం ఉన్న పెట్టే కాబట్టి బావగారి బీరువాలో ఉన్నా భయం లేదు. పాస్‌వర్డ్ కాగితం మాత్రం దానితో పాటు ఇవ్వకండి.

పెట్టె మొదట్లో తాళంచెవికి సంబంధించిన చిన్న భాగం ఉంటుంది. అది చెడితే సరైన పాస్‌వర్డ్ కూడా పనిచేయకపోవచ్చు. వెరాక్రిప్ట్‌లో 'టూల్స్' కింద 'బ్యాకప్ వాల్యూమ్ హెడర్' ఉంది. ఒక్కసారి తీసి దాచుకోండి.

క్లౌడ్‌లో పెట్టేవాళ్ళకు ఒక మాట. పెట్టెలో కొత్త ఫైలు చేర్చినా, బయటికి ఆ పెట్టె తారీఖు మారకుండా ఉండేలా వెరాక్రిప్ట్‌లో ముందే అమరిక ఉంది. తారీఖు చూసి నకలు తీసే సాఫ్ట్‌వేర్ "ఏమీ మారలేదు" అనుకుని వదిలేస్తుంది. మీరేమో నకలు ఉందనుకుంటారు. 'ప్రిఫరెన్సెస్'లో 'ప్రిజర్వ్ మోడిఫికేషన్ టైమ్‌స్టాంప్' అన్నదానికి టిక్కు తీసేయండి.

అసలు క్లౌడే ముఖ్యమైతే క్రిప్టోమేటర్ వాడండి. అది ఒక్కో ఫైలుకు విడిగా తాళం వేస్తుంది కాబట్టి చిన్న మార్పుకు 2 జీబీ మళ్ళీ ఎక్కించాల్సిన పని లేదు. లోపల ఎన్ని ఫైళ్ళున్నాయో, సుమారు ఎంత సైజువో మాత్రం బయటికి తెలుస్తుంది. మన అవసరానికి అది పెద్ద నష్టం కాదు.

6. ఫోటోల్లోని జీపీఎస్

విండోస్‌లో ఫోటో మీద రైట్‌క్లిక్, 'ప్రాపర్టీస్', 'డీటెయిల్స్'. జీపీఎస్ అనే భాగం కనిపిస్తే చోటు అందులో ఉన్నట్టే. అక్కడే అడుగున 'రిమూవ్ ప్రాపర్టీస్' ఉంది. నొక్కి, వివరాలు తీసేసిన కాపీ చేయించుకుని, దాన్నే పంపండి. అసలుదాన్ని పెట్టెలో ఉంచండి, చోటు వివరం మీకు కావాలి కదా. పంపేముందు ఆ కాపీని మళ్ళీ తెరిచి జీపీఎస్ పోయిందో లేదో చూడండి.

వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే ఆ వివరాలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఉంటాయి. గూళ్ళ దగ్గరికి వెళ్ళేటప్పుడు కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపేయడం ఇంకా తేలిక.

జీపీఎస్ తీసినా బొమ్మే చోటు చెబుతుంది. వెనక సెల్ టవర్, గుడి గోపురం, కొండ వాలు ఉంటే ఆ ఊరివాడు చటుక్కున పోలుస్తాడు. కత్తిరించండి.

7. పదిమందికిచ్చే మసక కాపీ

రెండో కుప్పకు ఇదే అసలు పని. అక్షాంశ రేఖాంశాల్లో బిందువు తర్వాత నాలుగు అంకెలుంటే దాదాపు 11 మీటర్ల కచ్చితత్వం, అంటే ఫలానా చెట్టు. రెండు అంకెలైతే 1.1 కిలోమీటరు, అంటే ఊరి పొలిమేర. ఒక్కటైతే 11 కిలోమీటర్లు, అంటే సుమారుగా మండలం. ఇంటి మేడ రికార్డులకు రెండు అంకెలు, వేటగాళ్ళు వెతికే జీవులకు ఒకటి. ఇది నేను పాటించే లెక్క.

షీటులో రౌండ్ ఫార్ములా వాడి, వచ్చిన విలువల్ని కొత్త షీటులోకి 'వాల్యూస్ ఓన్లీ'గా అతికించండి. చాలామంది గడి ఫార్మాట్ మార్చి అంకెలు తగ్గిస్తారు. కంటికి 14.7 అనే కనిపిస్తుంది, గడి మీద నొక్కితే పైన 14.6752 అని మొత్తం బయటపడుతుంది. పంపేముందు మూడు గడులు నొక్కి చూడండి.

వెళ్ళిన ప్రతిసారీ చోటును కొంచెం అటూ ఇటూ జరిపి రాయడం ఇంకో పొరపాటు. అలా ముప్పై రికార్డులున్నాక వాటి సగటు తీస్తే అసలు గూడు దగ్గరకే చేరుతుంది. ఒకే చోటుకు ఎప్పుడూ ఒకే గుండ్రటి అంకె ఇవ్వండి.

'వివరణ' గడి మరిచిపోకండి. అంకెలన్నీ మసకబరిచి, పక్కన "ఆంజనేయస్వామి గుడి వెనక మూడో తాటిచెట్టు" అని వదిలేసిన షీట్లు చూశాను.

ఐనాచురలిస్ట్ (చూసిన జీవుల ఫోటోలు, చోట్లు నమోదు చేసే సైటు) వాడేవాళ్ళు 'అబ్‌స్క్యూర్డ్' ఎంచుకుంటే చోటు దాదాపు 22 కిలోమీటర్ల చదరంలో ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది. ముప్పులో ఉన్న చాలా జాతులకు అది దానంతటదే జరుగుతుంది. అదే గంటలో అదే చోట తీసిన సీతాకోకచిలుకను మాత్రం బాహాటంగా పెడితే రెంటినీ కలిపి చూసేవాడికి జాడ దొరికినట్టే. పక్షుల జాబితాలు నమోదు చేసే ఈబర్డ్‌లో కొన్ని సున్నిత జాతుల వివరాలు వాళ్ళే దాస్తారు. మిగతావాటికి జాబితా మొత్తాన్ని దాచే వీలుంది, లేదా గూళ్ళ కాలం అయ్యాక పెట్టండి.

8. కచ్చితమైన చోటును ఒకరికే పంపాలంటే

పరిశోధకులో, అటవీ అధికారులో నిజంగా అడుగుతారు. ఇవ్వాలి కూడా. ఫైలు మీద రైట్‌క్లిక్ చేసి 7-జిప్‌లో 'యాడ్ టు ఆర్కైవ్', రకం '7జెడ్', పాస్‌వర్డ్, 'ఎన్‌క్రిప్ట్ ఫైల్ నేమ్స్'కి టిక్కు. ఆ టిక్కు లేకపోతే లోపలి ఫైళ్ళ పేర్లు అందరికీ కనిపిస్తాయి, పేర్లలోనే ఊరు ఉండొచ్చు. మామూలు 'జిప్' రకంలో ఆ వీలు లేదు, 'జిప్‌క్రిప్టో' అనేది బలహీనం కూడా. ఫైలు మెయిల్లో పంపి, పాస్‌వర్డ్ ఫోన్లో నోటితో చెప్పండి. పెట్టె పాస్‌వర్డ్ కాకుండా వేరేది పెట్టండి.

ఫోన్ గురించి

ఆండ్రాయిడ్ 10తో మొదలై వచ్చిన ఫోన్లలో లోపలి నిల్వకు తాళం ముందే ఉంటుంది, కానీ గట్టి పిన్ పెడితేనే దానికి అర్థం. 1234 వద్దు, ఆరు అంకెలు పెట్టండి. మెమరీ కార్డుకు ఆ తాళం ఉండదు. తీసి ఇంకో ఫోన్లో పెడితే తెరుచుకుంటుంది. కాబట్టి గూళ్ళ ఫోటోలు కార్డులో పడకుండా చూసుకోండి.

మళ్ళీ మళ్ళీ చూస్తున్న పొరపాట్లు

ఎక్సెల్‌లో 'ప్రొటెక్ట్ షీట్' తాళం కాదు, గడులు మార్చకుండా అడ్డుపడేది మాత్రమే. 'ఫైల్', 'ఇన్ఫో' కింద ఉన్న 'ఎన్‌క్రిప్ట్ విత్ పాస్‌వర్డ్' నిజమైన తాళం. ఒక్క ఫైలే ఉన్నవాళ్ళకు అది చాలు. ఫోల్డర్‌ను 'హిడెన్' చేయడం, ఫైలు పేరు మార్చడం కూడా తాళాలు కావు.

పాస్‌వర్డ్ బయటికి పొక్కిందని మార్చారనుకోండి. చుట్టాలింట్లోని పాత నకలు పాత పాస్‌వర్డ్‌తోనే తెరుచుకుంటుంది. పైగా పాస్‌వర్డ్ మారినా లోపలి అసలు తాళంచెవి మారదు, పాత నకలు దొరికినవాడు దానితో కొత్తదాన్నీ తెరవొచ్చు. అలాంటప్పుడు కొత్త పెట్టె చేసి, పాత నకళ్ళన్నీ చెరిపేయండి.

అయిందో లేదో తేల్చుకునే పరీక్ష

మీ ల్యాప్‌టాప్ పోయిందనుకోండి. ఇంకొకరి కంప్యూటర్ తీసుకుని, వెరాక్రిప్ట్ ఇన్‌స్టాల్ చేసి, పెన్‌డ్రైవ్ పెట్టి, కవరు చించి, కాగితం చూసి తెరవండి. పోయిన నెల రాసిన వరుస అందులో కనిపించాలి. తర్వాత ఇంట్లో ఒకరిని కూర్చోబెట్టి, మీరు నోరు విప్పకుండా వాళ్ళ చేతే ఇదంతా చేయించండి. వాళ్ళు ఎక్కడ ఆగిపోయారో ఆ మెట్టును కాగితం మీద రాసి, కొత్త కవరులో పెట్టి అంటించండి. కవరు మీద ఆ రోజు తారీఖు వేయండి. ఆర్నెల్లకోసారి ఇదే పని మళ్ళీ చేయాలి. గూళ్ళ కాలం మొదలవకముందు ఒకసారి, అయిపోయాక ఒకసారి అని పెట్టుకుంటే నాకు మరపు రావడం లేదు.